సఫ్ గీతల లెక్క: ఉమర్ ఖయ్యాం, సమాంతర రేఖల కథ

పోయిన రంజాన్‌లో మా వీధి మసీదులో తరావీహ్ నమాజ్‌కి చోటు చాల్లేదు. పక్క బిల్డింగ్ మీది అంతస్తులో ఉన్న ఖాళీ హాలు కూడా తీసుకున్నారు. చిక్కేమిటంటే ఆ బిల్డింగ్‌ని రోడ్డు వాలుకి కట్టారు, ఖిబ్లా వైపుకి కాదు. గోడల్ని బట్టి సఫ్‌లు వేస్తే దిశ తప్పుతుంది. టైల్స్ పని చేసే మేస్త్రీ ఒకాయన వచ్చి, దిక్సూచితో సరిచూసి మొదటి సఫ్ గీత ఏటవాలుగా గీశాడు. ఆ గీతకీ పక్క గోడకీ మధ్య ఎంత కోణం వచ్చిందో అట్టముక్క మీద కత్తిరించి పెట్టుకున్నాడు. ఇక గోడ పొడుగునా నాలుగేసి అడుగులకి ఒక గుర్తు పెట్టి, ప్రతి గుర్తు దగ్గరా ఆ అట్టముక్క ఆనించి, అదే కోణంలో టేపు లాగుతూ పోయాడు. గంటలో హాలు నిండా సఫ్‌లు తయారు. ఎక్కడా ఒకదానికొకటి దగ్గర కాలేదు, దూరం కాలేదు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్తే, తొమ్మిదో తరగతి చదివే మా ఆపా కూతురు లెక్కల పుస్తకం తెచ్చి చూపించింది. అందులో ఇదే ఉంది. గోడ తిర్యగ్రేఖ. సఫ్‌లు సమాంతర రేఖలు. అట్టముక్క కోణాలు సదృశ కోణాలు. అయితే తను అక్కడితో ఆగలేదు. కోణాలు సమానమైతే గీతలు ఎంత దూరం పోయినా కలవవని ఎవరు చూసొచ్చారు మామూ అని అడిగింది. నేను కామర్స్ చదివినవాణ్ణి. పుస్తకంలో ఉంది కదా, రాసేయ్ అన్నాను. అన్నానే గానీ ఆ రాత్రి ఆ ప్రశ్న వదల్లేదు. వెతుక్కుంటూ పోతే, ఈ ప్రశ్న పట్టుకుని నిద్ర పోగొట్టుకున్న వాళ్లలో మనకి బాగా తెలిసిన పేరు ఒకటి కనిపించింది. ఉమర్ ఖయ్యాం.

నిజం చెప్పాలంటే ఆశ్చర్యపోయాను. ఖయ్యాం అంటే మనలో చాలామందికి మధుపాత్ర, సాఖీ, రుబాయీలు. కేలండర్ బొమ్మల మీద గడ్డం నెరిసిన ముసలాయన, పక్కన సురాహీ. కానీ ఆయన్ని ఎరిగిన కాలం ఆయన్ని గుర్తుపెట్టుకున్నది అలా కాదు. ఆ కాలపు జనానికి ఆయన ఒక హకీం, ఒక ఇమాం, లెక్కల్లో ఖురాసాన్ అంతటికీ పెద్ద.

నైషాపూర్ కుర్రాడు

పూర్తి పేరు గియాసుద్దీన్ అబుల్ ఫతహ్ ఉమర్ బిన్ ఇబ్రాహీం. ఊరు ఖురాసాన్‌లోని నైషాపూర్, ఇప్పటి ఇరాన్‌కి ఈశాన్యం. ఖయ్యాం అంటే గుడారాలు కుట్టేవాడు. ఆ వృత్తి ఆ ఇంటిదని పేరే చెబుతోంది. పుట్టింది 1048 మే 18న. ఈ తేదీ తేలిన తీరు కూడా ముచ్చటైనదే. ఖయ్యాంని చిన్నప్పుడు స్వయంగా చూసిన బైహఖీ అనే చరిత్రకారుడు ఆయన పుట్టినప్పటి గ్రహాల స్థితి రాసి పెట్టాడు. దాన్ని పట్టుకుని లెక్క కట్టి తేదీ తేల్చింది మన దేశపు పండితుడు స్వామి గోవింద తీర్థ. 1941లో వచ్చిన ఆయన పుస్తకంలో ఆ లెక్క ఉంది.

నైషాపూర్ ఆ రోజుల్లో చదువుల పట్నం. ఖయ్యాం పుట్టడానికి పదకొండేళ్ల ముందే ఇబ్నె సీనా చనిపోయారు. అయినా ఖయ్యాం ఆయన పుస్తకాలే చదివి, జీవితాంతం ఆయన్నే గురువుగా తలచారు. జ్ఞాపకశక్తి గురించి బైహఖీ ఒక మాట చెబుతాడు. ఇస్ఫహాన్‌లో ఒక పుస్తకాన్ని ఏడుసార్లు చదివి, నైషాపూర్ తిరిగొచ్చాక దాన్ని మొత్తం నోటితో చెప్పి రాయించారట. అసలు ప్రతితో పోల్చి చూస్తే పెద్దగా తేడా కనిపించలేదట.

ఒక కట్టుకథని ఇక్కడే పక్కన పెట్టాలి. ఖయ్యాం, వజీర్ నిజాముల్ ముల్క్, హసన్ సబ్బాహ్ ముగ్గురూ ఒకే ఉస్తాద్ దగ్గర చదువుకున్న దోస్తులని, ఎవరు పైకొచ్చినా మిగతా ఇద్దర్నీ ఆదుకోవాలని ఒట్టు పెట్టుకున్నారని చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది. కానీ నిజాముల్ ముల్క్ పుట్టింది 1018లో. ఖయ్యాం కంటే ముప్పై ఏళ్లు పెద్ద. ఒకే తరగతిలో కూర్చునే వయసులు కావవి.

ఇరవై రెండేళ్లకి సమర్ఖంద్

1070 ప్రాంతంలో ఖయ్యాం సమర్ఖంద్ చేరారు. అక్కడి ఖాజీ అబూ తాహిర్ ఆయన్ని ఆదరించారు. అక్కడే బీజగణితం మీద తన పెద్ద పుస్తకం రాశారు. ఘన సమీకరణాలను రకాలుగా విడగొట్టి, ఒక్కోదానికీ వృత్తం, పరావలయం, అతిపరావలయం లాంటి వక్రరేఖలు గీసి, అవి ఒకదాన్నొకటి ఖండించే చోట జవాబు వస్తుందని చూపించిన పుస్తకం అది. అప్పటికి ఇంత పద్ధతిగా ఆ పని చేసినవాళ్లు లేరు. ఈ జవాబుల్ని గీతల్లేకుండా అంకెల్లోనే తేల్చడం తనకీ ఇతరులకీ ఇంకా చేతకాలేదని, తర్వాత వచ్చేవాళ్లు ఎవరైనా చేయొచ్చని అందులో ఒప్పుకున్నారు. దాదాపు ఐదు వందల ఏళ్ల తర్వాత, 1545లో అచ్చయిన కార్దానో పుస్తకంతో ఆ పని జరిగింది.

ఆ పుస్తకం ముందుమాటలో ఖయ్యాం బాధ కూడా ఉంది. నిజంగా చదువుకున్నవాళ్లు తగ్గిపోయారని, ఉన్న కొద్దిమందికీ తీరిక లేదని, పండితులమని చెప్పుకునేవాళ్లు చాలామంది సత్యానికి అబద్ధపు తొడుగు వేస్తున్నారని, సత్యం కోసం పాటుపడేవాణ్ణి చూసి వెక్కిరిస్తున్నారని రాశారు. ఇరవై దాటిన కుర్రాడి మాటలవి.

1074లో సల్జూఖ్ సుల్తాన్ మలిక్ షా, ఆయన వజీర్ నిజాముల్ ముల్క్ ఖయ్యాంని ఇస్ఫహాన్ పిలిపించారు. నక్షత్రశాల పని అప్పగించారు. ఆయనతోపాటు ఇంకొందరు ఖగోళ పండితులు కూర్చున్నారు. పంచాంగం సరిచేయడం వాళ్ల ముందున్న పెద్ద పని. రుతువులకీ తేదీలకీ పొత్తు తప్పితే పంటల పన్ను వసూలు గందరగోళం అవుతుంది. రైతు చేతికి పంట రాకముందే పన్ను గడువు వచ్చి కూర్చుంటుంది. వసంతంలో పగలు, రాత్రి సమానమయ్యే రోజుకి నౌరోజ్‌ని కట్టి, 1079 మార్చి 15 నుంచి జలాలీ కేలండర్ మొదలుపెట్టారు. ఇరాన్‌లో ఇవాళ నడుస్తున్న సౌర కేలండర్ ఆ దారిలోదే.

యూక్లిడ్ మిగిల్చిన ముల్లు

ఆ ఇస్ఫహాన్ రోజుల్లోనే, హిజ్రీ 470లో, అంటే 1077లో, ఖయ్యాం అరబీలో ఒక చిన్న పుస్తకం పూర్తి చేశారు. యూక్లిడ్ పుస్తకంలో రుజువు లేకుండా ఒప్పుకోమన్న మాటల్లో ఉన్న చిక్కుల్ని విప్పడం దాని పని. మూడు భాగాలు. మొదటి భాగం మొత్తం సమాంతర రేఖల గురించే. మా ఆపా కూతురి ప్రశ్నకి జవాబు మొదలయ్యేది ఇక్కడే.

ముందు చిక్కు ఏమిటో చూద్దాం. యూక్లిడ్ తన జ్యామితిని ఐదు స్వీకృతాల మీద నిలబెట్టాడు. స్వీకృతం అంటే రుజువు అడక్కుండా ఒప్పుకునే మాట. మొదటి నాలుగూ పిల్లలైనా ఒప్పుకుంటారు. రెండు బిందువుల మధ్య గీత గీయొచ్చు, గీతని పొడిగించొచ్చు, ఏదైనా బిందువు కేంద్రంగా వృత్తం గీయొచ్చు, లంబకోణాలన్నీ సమానం. అంతే. ఐదోది మాత్రం పొడవాటిది. రెండు గీతల్ని మూడో గీత ఖండించినప్పుడు, ఒకే వైపున్న లోపలి రెండు కోణాల మొత్తం రెండు లంబకోణాల కంటే, అంటే 180 డిగ్రీల కంటే తక్కువైతే, ఆ గీతల్ని పొడిగిస్తే అదే వైపున ఎక్కడో ఒకచోట కలుస్తాయి. ఇది వింటే ఒప్పుకోవాల్సిన మాటలా ఉండదు, రుజువు చేయాల్సిన సిద్ధాంతంలా ఉంటుంది. యూక్లిడ్‌కి కూడా అలాగే అనిపించిందేమో, మొదటి ఇరవై ఎనిమిది సిద్ధాంతాల్లో దీన్ని ముట్టుకోలేదు. ఇరవై తొమ్మిదో దాంట్లో గత్యంతరం లేక వాడాడు.

ఇక్కడ ఒక తేడా జాగ్రత్తగా పట్టుకోవాలి. పిల్లలు పరీక్షల్లో తడబడేదీ దీని దగ్గరే.

మన మేస్త్రీ చేసిన పని కోణాల నుంచి గీతలకి. ప్రతి చోటా ఒకే కోణం పెట్టాడు కాబట్టి గీతలు సమాంతరం. దీనికి ఐదో స్వీకృతం అక్కర్లేదు. ఎందుకంటే ఆ గీతలు ఎక్కడో కలిశాయని అనుకుందాం. గోడతో కలిపి ఒక త్రిభుజం తయారవుతుంది. ఆ త్రిభుజంలో ఒక బాహ్యకోణం, దానికి ఎదురున్న లోపలి కోణంతో సమానం కావాల్సి వస్తుంది. కానీ బాహ్యకోణం ఎప్పుడూ ఎదుటి లోపలి కోణం కంటే పెద్దదని యూక్లిడ్ ముందే రుజువు చేసి పెట్టాడు. కాబట్టి కలవవు. మేస్త్రీ పని పక్కా.

దీనికి తిరగేసిన మాట గీతల నుంచి కోణాలకి. గీతలు సమాంతరం అని ముందే తెలుసు, కాబట్టి సదృశ కోణాలు సమానం, ఏకాంతర కోణాలు సమానం, ఒకే వైపు లోపలి కోణాల మొత్తం 180 అని చెప్పాలి. రైలు పట్టాలని రోడ్డు ఏటవాలుగా దాటుతోంది, మొదటి పట్టా దగ్గర కోణం 65 డిగ్రీలు, రెండో దాని దగ్గర ఎంత అని పరీక్షలో అడుగుతారు. 65 గానీ, దాని పక్కది 115 గానీ అని రాసేస్తాం. ఆ రాసేయడానికి ఐదో స్వీకృతం కావాలి. అది లేకపోతే ఆ అడుగు పడదు.

త్రిభుజం కోణాల మొత్తం 180 కూడా దీని మీదే నిలబడింది. పై శీర్షం గుండా భూమికి సమాంతరంగా ఒక గీత గీయండి. భూమి దగ్గర కోణాలు 50, 60 అనుకుందాం. ఏకాంతర కోణాలు సమానం కాబట్టి పైన ఎడమ పక్కన 50, కుడి పక్కన 60 వస్తాయి. పైనున్నది తిన్నని గీత, మొత్తం 180. మధ్యలో మిగిలింది 70. మూడూ కలిపితే 180. ఇంత అందమైన లెక్క, రుజువు లేని ఒక్క మాట మీద వేలాడుతోంది.

ఖయ్యాం వేసిన అడుగు

ఖయ్యాం కంటే ముందు గ్రీకులు, తర్వాత అరబ్బు పండితులు చాలామంది ఈ ఐదో మాటని మిగతా నాలుగింటి నుంచి రాబట్టాలని చూశారు. వాళ్లలో ఇబ్నుల్ హైసమ్ పెద్దవాడు. ఒక గీత మీద నిటారు కర్రని జరుపుకుంటూ పోతే దాని పైకొన తిన్నని గీతే గీస్తుందని ఆయన వాదన. ఖయ్యాం దీన్ని ఒప్పుకోలేదు. గీత అనేది కదిలే వస్తువు కాదు, జ్యామితిలోకి చలనం ఎలా తెస్తారని నిలదీశారు. పెద్ద పేరున్న పండితుడు కదా అని వదల్లేదు.

తన దారి ఇలా వేసుకున్నారు. ఎ, బి అని ఒక గీత. రెండు చివర్లా నిటారుగా, ఒకే ఎత్తున రెండు గీతలు లేపాలి. ఎ మీద సి, బి మీద డి. పైన సి, డి కలపాలి. ఒక చతుర్భుజం వచ్చింది. కింది రెండు కోణాలూ లంబకోణాలని మనమే పెట్టాం. పై రెండు కోణాల సంగతేంటి?

ముందు ఆ రెండూ సమానమని చూపించారు. ఎ నుంచి డికి, బి నుంచి సికి ఐమూలగా గీతలు గీయండి. కింది భుజం ఇద్దరికీ ఉమ్మడి, నిటారు భుజాలు సమానం, మధ్య కోణం రెండింట్లోనూ లంబకోణం. కాబట్టి ఐమూల గీతలు సమానం. ఇప్పుడు పై భుజం ఉమ్మడిగా ఉన్న రెండు త్రిభుజాల్ని చూడండి. మూడు భుజాలూ సమానం. కాబట్టి సి దగ్గర కోణం, డి దగ్గర కోణం ఒకటే. ఇంతవరకూ ఐదో స్వీకృతం జోలికి పోలేదు. మన తొమ్మిదో తరగతి పిల్లలు స్వయంగా చేయగలిగిన రుజువు ఇది.

ఇక మూడే దార్లు. ఆ రెండు కోణాలు అల్పకోణాలైనా కావాలి, అధికకోణాలైనా కావాలి, లంబకోణాలైనా కావాలి. ఖయ్యాం మూడింటినీ విడివిడిగా బల్ల మీద పెట్టారు. అల్పకోణాలైతే ఆ నిటారు గీతలు పైకి పోయేకొద్దీ ఎడమవుతాయి. కింది వైపు కూడా అదే బొమ్మ కాబట్టి అటు కూడా ఎడమవుతాయి. అంటే కింది నుంచి దగ్గరవుతూ వచ్చిన గీతలు, ఎ బి దాటగానే దూరం కావడం మొదలుపెడతాయి. అధికకోణాలైతే దీనికి తిరగేసి, రెండు వైపులా దగ్గరవుతూ పోతాయి. ఇవి రెండూ కుదరవని కొట్టేసి, లంబకోణాలే మిగిలాయని తేల్చారు. దాని మీద నుంచి ఐదో స్వీకృతాన్ని రాబట్టారు.

కొట్టేయడానికి ఆయన వాడుకున్న ఆధారం ఒకటుంది. దగ్గరవుతున్న రెండు తిన్నని గీతలు కలిసి తీరతాయి, దగ్గరవుతున్న దిక్కులోనే మళ్లీ దూరం కావడం జరగదు అని. దీన్ని అరిస్టాటిల్ నుంచి తీసుకున్న సూత్రంగా ముందే చెప్పి మరీ వాడారు. ఇప్పటి గణిత పండితులు చూస్తే, ఆ సూత్రంలోనే ఐదో స్వీకృతం వేరే వేషంలో దాగి ఉంది. కాబట్టి రుజువు పూర్తి కాలేదనే చెప్పాలి. కానీ ఆయన నమ్మకాన్ని రుజువు మధ్యలో ఎవరూ చూడకుండా దూర్చలేదు. ఇదిగో, నేను దీన్ని ఒప్పుకుని మొదలుపెడుతున్నాను అని గుమ్మంలోనే చెప్పారు. కామర్స్ భాషలో చెప్పాలంటే, చేబదులు తెచ్చిన సొమ్ముని సొంత పెట్టుబడి కింద చూపించలేదు. ఖాతాలో అప్పు అని స్పష్టంగా రాశారు. తర్వాత వచ్చినవాళ్లు తప్పు పట్టుకోగలిగారంటే ఆ నిజాయితీ వల్లే.

గాలి మారింది

1092లో రెండు నెలలు తిరక్కుండా రెండు దెబ్బలు తగిలాయి. అక్టోబర్‌లో నిజాముల్ ముల్క్ హత్య. నవంబర్‌లో మలిక్ షా మరణం. గద్దె కోసం కొట్లాటలు మొదలయ్యాయి. నక్షత్రశాలకి డబ్బు ఆగిపోయింది. పద్దెనిమిదేళ్లుగా సాగిన పని అలాగే నిలిచిపోయింది.

అండ పోయినవాడి మీద రాళ్లు పడతాయి. ఖయ్యాం గ్రీకు ఫిలాసఫీ చదువుతాడని, దీన్‌లో గట్టివాడు కాదని జనం అనడం మొదలుపెట్టారు. ఆయన ప్రాణభయంతో నోటినీ కలాన్నీ కట్టేసుకున్నారని, హజ్‌కి వెళ్లొచ్చారని తర్వాతి శతాబ్దపు చరిత్రకారుడు ఖిఫ్తీ రాశాడు. దారిలో బగ్దాద్‌లో చదువుకునేవాళ్లు కలవడానికి వస్తే తలుపు తీయలేదట. కోణాల గురించి మూడు దార్లూ తెరిచి చూపించిన మనిషి తన ఇంటి తలుపు మూసుకోవాల్సి వచ్చింది. ఒక సమాజం తన పండితుణ్ణి ఇలా మూలకి నెడితే నష్టపోయేది ఎవరు? ఈ ప్రశ్న పదకొండో శతాబ్దంతో అయిపోలేదు.

అయితే ఆయన్ని మరీ దేవదూతలా చూపించనక్కర్లేదు. స్వభావంలో కటువు, నేర్పడంలో, రాయడంలో పిసినారి అని బైహఖీయే రాశాడు. ఒకసారి సుల్తాన్ కొడుకు సంజర్ చిన్నతనంలో మశూచితో మంచం పడితే ఖయ్యాం చూడ్డానికి వెళ్లారు. బయటికొచ్చాక వజీర్ అడిగితే, పిల్లాడి పరిస్థితి భయంగానే ఉందని ఉన్నమాట చెప్పేశారు. ఒక నౌకరు ఆ మాట మోశాడు. కోలుకున్న సంజర్ దాన్ని మనసులో పెట్టుకున్నాడు. అతనే తర్వాత సుల్తాన్ అయ్యాడు.

ఇమాం గజాలీ కూడా ఒకరోజు ఆయన దగ్గరికి వచ్చారు. గోళంలో అన్ని భాగాలూ ఒకేలా ఉన్నప్పుడు, ధ్రువం అని ఒక చోటునే ఎందుకు వేరుచేసి చెబుతారని అడిగారు. ఖయ్యాం చలనం అంటే ఏమిటి అన్నదగ్గర్నుంచి ఎత్తుకుని చెబుతూ పోయారు. అసలు సంగతికి రాకముందే జుహర్ అజాన్ వినిపించింది. గజాలీ లేచి వెళ్లిపోయారు.

బైహఖీ తన సొంత అనుభవం కూడా రాశాడు. హిజ్రీ 507లో తండ్రితో కలిసి ఖయ్యాం దగ్గరికి వెళ్లాడు. అప్పటికి ఖయ్యాం అరవై అయిదు దాటిన పెద్దమనిషి. ఆ పిల్లాణ్ణి రెండు ప్రశ్నలు అడిగారు. ఒకటి పాత అరబీ కవిత్వంలో ఒక పాదం అర్థం. రెండోది జ్యామితి, వృత్తరేఖలు ఎన్ని రకాలని. పిల్లాడు నాలుగని చెప్పాడు. పూర్తి వృత్తం, సగం, సగం కంటే పెద్ద చాపం, సగం కంటే చిన్న చాపం. పెద్దాయన సంతోషించారు. నోరు కట్టేసుకున్న మనిషి కూడా లెక్క చెప్పే పిల్లాడు కనిపిస్తే తలుపు తీశారన్నమాట.

చివరి రోజు

ఖయ్యాం మరణం 1131లో, నైషాపూర్‌లోనే అని ఎక్కువమంది పండితుల మాట. ఆ రోజు జరిగింది ఆయన అల్లుడు చెప్పగా బైహఖీ రాశాడు. ఇబ్నె సీనా షిఫా గ్రంథం చదువుతున్నారు. ఒకటి, అనేకం అన్న భాగం దగ్గరికి రాగానే, చేతిలోని బంగారు పళ్లపుల్లని ఆ పేజీల మధ్య పెట్టి మూసేశారు. నమ్మకమైనవాళ్లని పిలవమన్నారు. వసీయత్ చేశారు. నమాజ్ చదివారు. ఆ తర్వాత ఏమీ తినలేదు, తాగలేదు. ఇషా నమాజ్ అయ్యాక సజ్దాలో తలపెట్టి, తన శక్తి ఉన్నంతవరకే అల్లాహ్‌ని తెలుసుకోగలిగానని, ఆ తెలుసుకోవడమే తనకి వసీలా అని, మన్నించమని వేడుకున్నారు. అలాగే వెళ్లిపోయారు. దీన్‌లో గట్టివాడు కాదన్న మనిషి చివరి ఘడియ ఇది.

నిజామీ అరూజీ అనే రచయిత అంతకు చాలా ఏళ్ల ముందు బల్ఖ్‌లో ఖయ్యాంని కలిశాడు. తన సమాధి మీద చెట్లు పూలు రాల్చే చోట ఉంటుందని ఖయ్యాం అప్పుడు అన్నారట. హిజ్రీ 530లో అరూజీ నైషాపూర్ వెళ్లి జియారత్ చేస్తే, తోట గోడ పక్కన సమాధి, గోడ మీదుగా వంగిన పండ్ల చెట్లు, కింద రాయి కనపడనంతగా పూలు. అక్కడ ఏడ్చానని రాసుకున్నాడు. ఇప్పుడక్కడున్న ఎత్తైన కట్టడం 1963లో కట్టింది.

మూసేసిన రెండు దార్లు

ఖయ్యాం గీసిన చతుర్భుజం ఆయనతో పోలేదు. నసీరుద్దీన్ తూసీ (1201-1274) దాన్ని అందుకుని ముందుకు నడిపించారు. తూసీ పేరు మీద నడిచిన ఒక అరబీ గ్రంథం 1594లో రోమ్‌లో అచ్చయింది. దాని ద్వారా ఈ చర్చ యూరప్ చేరింది. 1733లో ఇటలీ పాదిరీ సక్కేరీ అదే చతుర్భుజం, అవే మూడు దార్లు పట్టుకుని పుస్తకం రాశాడు. ఇవాళ ప్రపంచం దాన్ని సక్కేరీ చతుర్భుజం అంటుంది. కొందరు న్యాయంగా ఖయ్యాం-సక్కేరీ చతుర్భుజం అంటున్నారు.

అసలు మలుపు 19వ శతాబ్దంలో వచ్చింది. 1829లో రష్యాలో లోబచేవ్‌స్కీ, 1832లో హంగరీలో బోయాయ్, ఎవరికి వారు, అల్పకోణాల దారి తప్పు కాదని, అది వేరే రకం జ్యామితి అని చూపించారు. గుర్రం జీను లాంటి వంపు తలాన్ని ఊహించుకుంటే కొంత అర్థమవుతుంది. అక్కడ త్రిభుజం కోణాలు 180 కంటే తక్కువ. అధికకోణాల దారి కూడా ఉంది. అది మనం నిలబడ్డ భూగోళం లాంటిది. భూమధ్యరేఖ మీద నిటారుగా లేచిన రెండు రేఖాంశాలు ధ్రువం దగ్గర కలిసిపోతాయి. ఉత్తర ధ్రువం, భూమధ్యరేఖ మీద 90 డిగ్రీల ఎడంలో రెండు చోట్లు కలిపి త్రిభుజం గీస్తే మూడూ లంబకోణాలే. మొత్తం 270.

ఇది మనకి దూరపు సంగతి కాదు. గోడకి తగిలించిన మామూలు ప్రపంచ పటం మీద హైదరాబాద్ నుంచి మక్కాకి స్కేలు పెట్టి గీత గీస్తే, అది పడమర నుంచి ఉత్తరానికి సుమారు 6 డిగ్రీలే వాలుతుంది. గోళం లెక్కన కడితే ఖిబ్లా దాదాపు 13 డిగ్రీలు ఉత్తరానికి వస్తుంది. పటం చదును, భూమి గుండ్రం. ఆ తేడా అదే. హాలులో సఫ్‌లు వేయడానికి యూక్లిడ్ చాలు, మొదటి సఫ్ దిక్కు తేల్చడానికి గోళం కావాలి. ఖయ్యాం ముందుంచిన మూడు దార్లలో రెండు మా వీధి హాలులోనే ఉన్నాయన్నమాట.

కవి మిగిలాడు, లెక్క మరుగున పడింది

1859లో ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషులో రుబాయీలు తేవడంతో ఖయ్యాం పేరు ప్రపంచమంతా మోగింది. ఆయన పేరు మీద తిరిగే రుబాయీల్లో నిజంగా ఆయనవి ఎన్నో ఇప్పటికీ తేలలేదు. తెలుగులో దువ్వూరి రామిరెడ్డి గారి పానశాల అలా వచ్చిందే. పిఠాపురం ఉమర్ ఆలీషా గారు కూడా రుబాయీలను తెలుగు చేశారు. అవి మన భాషకి సొత్తే. కానీ సురాహీ పక్కనున్న ముసలాయన బొమ్మ ఎంత పెద్దదైందంటే, స్కేలు, వృత్తలేఖిని పట్టుకున్న మనిషి దాని వెనక కనపడకుండా పోయాడు. మన పిల్లలకి ఆయన లెక్కల పుస్తకం ద్వారా పరిచయం కావాల్సింది, కేలండర్ బొమ్మ ద్వారా అయ్యాడు.

మొన్న మా ఆపా కూతురికి ఇదంతా చెప్పాను. విని, కాగితం మీద ఆ చతుర్భుజం గీసి, పై రెండు కోణాలు సమానమని తనే రుజువు చేసింది. నాకంటే తొందరగా చేసింది. తర్వాత మూడు దార్లలో ఏది నిజమని అడిగింది. ఏ తలం మీద గీస్తున్నావో దాన్ని బట్టి అన్నాను. అయితే పుస్తకంలో ఆ మాట ముందే రాయొచ్చు కదా అంది.

రాయొచ్చు. ఇంట్లో పిల్లలు ఇలాంటి ప్రశ్న అడిగితే, నాలాగా పుస్తకంలో ఉంది రాసేయ్ అనకండి. తెలియకపోతే తెలియదని చెప్పి, పక్కన కూర్చుని కలిసి వెతకండి. ఏది రుజువు చేశామో, ఏది ఒప్పుకుని మొదలుపెట్టామో విడదీసి చెప్పడం నైషాపూర్ గుడారాల ఇంటి కుర్రాడు మనకి వదిలి వెళ్లిన ఆస్తి. దాన్ని పంచుకోవడానికి వకీలు అక్కర్లేదు, ఒక కాగితం, ఒక స్కేలు చాలు.